నడకదారిలో నొప్పి సూది సేవ కాదు



ప్రతి సంవత్సరం ఉగాదికి ముందు ఉత్తర కర్ణాటక పల్లెల నుండి వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలానికి బయలుదేరుతారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లునిగా భావించి వచ్చే ఆ జనసందోహాన్ని చూచినవారికి భక్తి అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. వారి నడకను తప్పు పట్టడానికి నేను ఈ వ్యాసం వ్రాయడం లేదు. దారి పొడవునా సేవ పేరిట మనం వారికి అందిస్తున్న ఒక వస్తువును తప్పు పడుతున్నాను. అది నొప్పి తగ్గించే సూదిమందు.

ఆ నడకలో ఒక్క రోజును ఊహించండి. తెల్లవారుజామున నాగలూటి వీరభద్రునికి మ్రొక్కి యాత్రికుడు అడవిలో ముందుకు సాగుతాడు. అప్పటికే అనేక దినాలుగా నడుస్తున్న మనిషి. అరికాళ్ళలో బొబ్బలు లేచి చితికి ఉంటాయి. పెద్దచెరువు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆ ఋతువులో నల్లమల చెట్లు చాలావరకు ఆకు రాల్చి ఉంటాయి కనుక అడవి అన్న మాటే కాని నీడ తక్కువ. ఆ మీదట భీముని కొలను లోయలోకి దిగాలి. దిగినదంతా మళ్ళీ మెట్ల మీదుగా కైలాసద్వారం వరకు ఎక్కాలి. ఆ నడుమ పడిపోయిన మనిషిని మోసుకొని రావలసిందే. వాహనం పోయే దారి కాదు.

ఈ శ్రమలో శరీరం గంటకు ఎంత చెమట కోల్పోతుందో మీకు తెలిసినదే. దాహం వేసినపుడల్లా త్రాగినా ఆ లోటు తీరదు. కొందరు ఉపవాసమని అసలే త్రాగరు.

కొన్ని సంవత్సరాల క్రితం ఈ దారిలోని ఒక ఉచిత శిబిరంలో నేనూ వైద్యునిగా కూర్చున్నాను. సాయంకాలం సుమారు యాభై అయిదేళ్ళ రైతు ఒకరు వచ్చి, తొడలు పట్టేశాయి, ఒక్క సూది వేయమని చేతులు జోడించాడు. ప్రొద్దుటి నుండి అప్పటికే రెండు చోట్ల సూదులు వేయించుకున్నాడు. రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటాడు. మూత్రం ఎప్పుడు పోసితివని అడిగితే ఉదయం అన్నాడు. మరల పోయించి చూస్తే కొద్దిపాటి మూత్రం, అదీ చిక్కని డికాక్షన్ రంగులో ఉన్నది. ఆయనను మోసి పట్నానికి పంపించాము. కొన్ని వారాలు డయాలిసిస్ చేయవలసి వచ్చింది. దేవుని దయ వలన బ్రతికాడు.

ఆ రెండు సూదులు వేసినవారిని నేను నిందించను. ఎందుకంటే అంతకు ముందటి సంవత్సరాలలో అటువంటి సూదులు నేనూ వేశాను. ఎందరికి వేశానో, వారిలో ఎందరు క్షేమంగా ఇల్లు చేరారో నాకు తెలియదు. ఈ వ్యాసానికి మూలం ఆ బాధే.

ఇక శాస్త్రం వినండి. ఒంట్లో నీరు తగ్గినపుడు మూత్రపిండాలకు పోయే రక్తం తగ్గకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు రక్తనాళాలను తెరచి ఉంచుతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం వల్లనే. అంటే నొప్పితో పాటు మూత్రపిండానికున్న రక్షణ కూడా పోతుంది. రక్తపోటుకు టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు, వాటితో మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వాడేవారికి ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. విపరీతమైన శ్రమకు కండరాలు చితికి, వాటి నుండి వెలువడే మయోగ్లోబిన్ మూత్రాన్ని నల్లబరచి, అదే మూత్రపిండాన్ని మరింత దెబ్బ తీస్తుంది.

మరొక సంగతి. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలను తిని, మూత్రపిండాలు చెడి, మన దేశపు రాబందులు కుప్పలుగా చనిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. పక్షి శరీరం వేరు, మన శరీరం వేరు, అంగీకరిస్తాను. అయినా దెబ్బ తినే అవయవం ఒక్కటే. రాబందుల విషయంలో చూపిన జాగ్రత్తలో కొంతైనా యాత్రికుని విషయంలో చూపవద్దా?

"సూది వేయకపోతే వారు నడవలేరు, మ్రొక్కు చెడుతుంది" అని నాతో వాదించినవారున్నారు. నొప్పి నడకకు శత్రువు కాదు. ఆగమని శరీరం చెప్పే మాట. ఆ నోరు నొక్కి, మనిషిని మళ్ళీ ఎండలోకి తోలడం ఏ విధమైన సేవ? "ఒక్క సూదికి ఏమవుతుంది?" అంటారు మరికొందరు. ప్రతి శిబిరమూ ఒక్క సూదే అనుకుంటుంది. లెక్క వ్రాసుకునేవారు లేరు; ముందు శిబిరంలో ఏమి ఇచ్చారో తరువాతి శిబిరానికి తెలియదు. పైగా ఇది వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందు. దానిని మజ్జిగ వలె పంచే హక్కు ఎవరికున్నది?

"కష్టపడితేనే పుణ్యం" అనేవారికి చరిత్ర సమాధానం చెబుతుంది. 14వ శతాబ్దిలో కొండవీటి ప్రభువు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. యాత్రికుని కష్టం పెంచడానికా? తగ్గించడానికి గదా. చలివేంద్రం పెట్టిన ప్రతి పుణ్యాత్ముడూ చేసినది అదే. మన సంప్రదాయంలో సేవ అంటే నీరు, నీడ, విశ్రాంతి. సూది ఈ మధ్య వచ్చి చేరినది.

శిబిరాలు నడిపే దాతలకు నా విన్నపం: సూదులకు పెట్టే డబ్బును ఓఆర్ఎస్ పొట్లాలకు, చాపలకు, పందిళ్ళకు మళ్ళించండి. పొట్లం మీద వ్రాసినన్ని నీళ్ళలో, సాధారణంగా ఒక లీటరులో, పూర్తిగా కలపాలి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా నిండుగా కాక సమంగా కొలిచి కలపండి. వచ్చినవారిని మూడు ప్రశ్నలు అడగండి: మూత్రం ఎప్పుడు పోశారు? ఏ రంగులో? రోజూ ఏ మందులు వాడతారు? ఆరేడు గంటలుగా మూత్రం రాకున్నా, నల్లగా వచ్చినా నడక అక్కడితో ఆపించి ఆసుపత్రికి పంపండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ, పారాసెటమాల్ పనిచేయదు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, విసరుతూనే మోసుకొని వెళ్ళండి. తెలివి లేనివారి నోట నీరు పోయవద్దు.

యాత్రికులారా, చక్కెర వ్యాధి ఉన్నవారు వట్టి కాళ్ళతో నడవవద్దు. స్పర్శ పోయిన పాదానికి గాయమైనా తెలియదు. రక్తపోటు, చక్కెర మందులను మీ అంతట మీరు మానవద్దు; బయలుదేరే ముందే మీ వైద్యుని అడిగి, నడక దినాలలో ఎంత వాడాలో వ్రాయించుకోండి. తొడలు పట్టేస్తే కూర్చోండి. ఒక పూట ఆలస్యమైతే మల్లన్న తలుపు వేసుకోడు.

అల్లుని చూడ వచ్చినవారిని ఆరోగ్యంగా తిరిగి పంపడం ఈ నేల మీద ఉన్న మన బాధ్యత. ఈ ఉగాదికి మీ ఊరి శిబిరంలో సూదుల పెట్టె కనబడితే, దయచేసి దానిని మూయించండి.