కుటుంబముతో సముద్రతీరయాత్ర

సంవత్సరాంతపు సెలవులు సమీపించుచున్నవి. మన పాఠశాలకు బిడ్డలను పంపు గృహములలో కొన్నింట ఇప్పటికే ఒక మాట వినవచ్చుచున్నది: "ఈ మాఱు కారు మాట్లాడుకొని విశాఖపట్టణము మొదలు కళింగపట్టణము వఱకు సముద్రపుటొడ్డు చూచి వత్తము" అని. మంచి మాటయే. కొండలు సముద్రమునకు అంత దగ్గఱగా వచ్చి నిలుచు చోట్లు మన తెలుగుతీరమున అరుదు. అయితే అట్టి యాత్రను మనవారు ఏర్పాటు చేయు తీరును గూర్చి నాకొక అభిప్రాయము కలదు. దానిని తల్లిదండ్రుల యెదుటను, విద్యార్థుల యెదుటను ఉంచుచున్నాను.

యాత్ర తలపెట్టగనే మనవారు మొదట చేయు పని స్థలముల పట్టీ వ్రాయుట. రామకృష్ణా బీచి, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, ఎఱ్ఱమట్టి దిబ్బలు, భీమునిపట్టణము, అరసవల్లి, శ్రీకూర్మము, శాలిహుండము, కళింగపట్టణము. వెరసి పదునొకండు. వీని నన్నింటిని ఒక్క దినముననే ముగింపవలెనని సంకల్పము. ఏలయనగా కారు బాడుగ దినమునకింత అని లెక్క. తెల్లవాఱకమునుపు బయలుదేఱి, ఒక్కొక్కచోట పావుగంట నిలిచి, ఫొటోలు తీసికొని, "ఎక్కుడు, ఎక్కుడు" అని పిల్లలను తఱుముకొని, నడిరేయి ఇల్లు చేరుదురు. ఇది యాత్ర కాదు, తపాలా బంట్రోతు తిరుగుడు.

సెలవుల పిమ్మట "నా ప్రయాణము" అను వ్యాసము వ్రాయించుట నాకు వాడుక. ఒక యేడు ఒక బాలుడు ఇట్టి పట్టీ యంతయు వరుసగా వ్రాసి, ప్రతిదానికిని "చాల అందముగా నుండెను" అని ముగించెను. తుదను మాత్రము రెండు పుటలు నిండుగా వ్రాసినాడు. దారిలో కారు చక్రమునకు గాలి పోయి, వారొక పల్లెలో చింతచెట్టు క్రింద గంటసేపు నిలువవలసి వచ్చెనట. అచట ఒక వృద్ధుడు వల బాగుచేయుచుండగా వీడు ప్రక్కన కూర్చుండి చూచెను. దారపు కండె ఏ వైపున దూరునో, ముడి ఎట్లు బిగియునో బొమ్మ గీసి చూపెను. ఆ బాలుని తండ్రి యేర్పాటు చేసిన పదునొకండు స్థలములలో ఏదియు వానికి ఆ గంట యిచ్చినంత ఇయ్యలేదు. కావున నేను చెప్పునది యొక్కటే: లెక్కింపవలసినది స్థలములను కాదు, ఒక్కొక్కచోట నిలువగల గంటలను.

"ఏడాదికి ఒక్కమాఱు సెలవు దొరకును, ఇంత సొమ్ము పోసి సగము చూచి వచ్చుట ఏల?" అని తండ్రులు అడుగుదురు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. కూలి చేసియో, చిన్న యుద్యోగము చేసియో కూడబెట్టిన సొమ్ము అది. రెండు దినములు పెట్టుకొన్నచో రాత్రి బసకు అదనపు వ్యయము కలుగును, కాదనను. అంత శక్తి లేనివారు కళింగపట్టణమును వేఱొక యేటికి విడిచి, భీమునిపట్టణము వఱకే పోయి సాయంకాలమునకు మఱలి వచ్చినను నాకు సమ్మతమే. చమురు మిగులును. పిల్లలును ఏడువరు.

ఆ దారి స్వరూపము ముందే తెలిసికొనుట మంచిది. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము వఱకు సుమారు ముప్పది కిలోమీటరుల మేర బాట చాలవఱకు సముద్రమును అంటిపెట్టుకొని పోవును. అటుపిమ్మట తగరపువలస యొద్ద జాతీయ రహదారిని కలసికొని శ్రీకాకుళము పోవుదురు. ఆ రహదారి లోపలి భూములమీదుగా పోవునది. దానిపై నుండి సముద్రము కనబడదు. మరల సముద్రమును చూడగోరినచో శ్రీకాకుళమునుండి కళింగపట్టణమునకు మఱియొక ముప్పది కిలోమీటరులు పోవలెను. ఇది యెఱుగక, దారి పొడవునను అలలు కనబడునని ఆశపడి కారు కిటికీకి ముఖమానించి విసిగిన పిల్లలు ఎందఱో! మఱియు మనది తూర్పుతీరము. సూర్యుడు సముద్రమునుండి ఉదయించునే గాని సముద్రమున అస్తమింపడు. పశ్చిమతీరపు చిత్రములను చూచి సాయంకాలము నీటిలో దిగు సూర్యునికై వేచియుండువారు వెనుకకు తిరిగి కొండలను చూడవలసి వచ్చును. ఒడ్డున తెల్లవాఱుట చూడదలచినవారు ముందునాటి రాత్రియే విశాఖపట్టణము చేరవలెను. డిసెంబరులో ఆఱు గంటలు దాటిన పిమ్మటనే సూర్యోదయ మగును గనుక పసిపిల్లలకును అది మఱి కష్టము కాదు.

ఇక నిలువదగిన చోట్లు. నా మట్టుకు తొట్లకొండకు రెండు గంటలు ఇత్తును. అదియు ఎండ ముదురకమునుపు. ఆ కొండపై బౌద్ధ విహారము కలదని 1976లో నౌకాదళమువారు విమానముపై నుండి ఆ ప్రాంతమును పరిశీలించినపుడు తెలియవచ్చెను. 1988 మొదలు పురావస్తు శాఖవారు త్రవ్వకములు సాగించిరి. రాతిలో తొలిచిన నీటితొట్లను బట్టియే ఆ కొండకు ఆ పేరు వచ్చినది. అచట రోమను నాణెములును దొరకినవి. కొండయంచున నిలిచి నీలసముద్రమును చూచుచు, ఈ నాణెములు ఏ దారిన వచ్చియుండును అని తండ్రి యొక్కమాఱు అడిగినచో చాలును. చరిత్ర పాఠమున నేను నెల దినములు చెప్పునది బిడ్డలకు అచ్చట ఒక్క పూటలో పట్టుబడును.

ఎఱ్ఱమట్టి దిబ్బలకు మూడవ జాము అనుకూలము. పూర్వము సముద్రమట్టము తగ్గియున్న కాలమున బయటపడిన ఇసుకను గాలి కొనివచ్చి ప్రోగుచేసినదనియు, అందలి యినుము కాలక్రమమున తుప్పుపట్టి ఎఱుపెక్కినదనియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. వాననీరు కోసిన గండ్లలో నడచుచుండగా వేసవిలో సైతము చల్లగా నుండును. కాని బాలురారా, ఆ దిబ్బల వాలున జాఱుడుబండ ఆటలాడకుడు. అది రాయి కాదు, వదులైన ఇసుక. మీ జాఱుటతో కూలినది మరల ఏర్పడదు. పేరులు చెక్కువారిని గూర్చి నేను వ్రాయదలచుకొనలేదు, వ్రాసినచో మర్యాద మీఱును.

సాయంకాలము భీమునిపట్టణము. అనంతగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, బొఱ్ఱా గుహలను తాకి వచ్చిన గోస్తనీ నది ఇచట సముద్రమున కలియును. పదునేడవ శతాబ్దమున వచ్చి వర్తకము సాగించిన డచ్చివారు, మన పూర్వుల మాటలో ఒలందులు, 1825లో ఆంగ్లేయులకు ఊరప్పగించి పోయిరి. వారి సమాధులు నేటికిని అచట నున్నవి. వానిపై చెక్కిన సంవత్సరములను పిల్లలచే చదివింపుడు. రేవున పడవలు ఒడ్డునకు లాగు వేళకు చేరగలిగినచో మఱి యే వినోదమును అక్కఱలేదు.

సముద్రస్నానమును గూర్చి మాత్రము కొంత గట్టిగా చెప్పవలసియున్నది. ఏటేట సెలవు దినములలో ఈ తీరమున పిల్లలు మునిగిపోవుచున్న వార్తలు చదువుచునే యున్నాము. అలలు ఇరుప్రక్కల విఱుగుచుండగా నడుమ ఒకచోట నీరు నిమ్మళముగా, కొంత నలుపుగానో, ఇసుకతో కలకగానో కనబడును. తెలియనివారు అదియే స్నానమునకు అనువైన తావని దిగుదురు. ఒడ్డునకు వచ్చిన నీరు తిరిగి లోనికి పాఱు త్రోవ అదియే. దానిలో చిక్కినవారు ఒడ్డువైపునకు ఎదురీదినచో బలముడిగి మునుగుదురు. చేయవలసినది వేఱు: వెల్లకిల తేలుచు, చేయెత్తి పిలుచుచు, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదవలెను, ఆ పాఱుదల వెడల్పు సాధారణముగా కొలదియే. ఒడ్డుననున్నవారు తామును దూకక, త్రాడో, ఖాళీ డబ్బాయో విసరి, జాలరులను కేక వేయవలెను. రక్షకులు కాపుండు చోటనే దిగుడు. చిన్నవారు మోకాలి లోతు దాటరాదు. పెద్దలలో ఒకరు పొడిబట్టలతోనే ఒడ్డున నిలిచి, చేతి ఫోను జేబులో పెట్టి, తలలు లెక్కపెట్టుచుండవలెను. పదునొకండు చోట్ల తొందరలో ఈ కాపలా సాగదు. నా అభిప్రాయమునకు ముఖ్య కారణము ఇదియే.

కాలము విషయమున ఒక్క మాట. దసరా సెలవులు తుపానుల ఋతువున పడును. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును, తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళపు తీరమును కొట్టినవి. ఆ సెలవులలో పోవువారు వాతావరణ కార్యాలయపు ప్రకటన చూడక కారునకు బయానా ఇయ్యరాదు. క్రిస్మసు, సంక్రాంతి సెలవులు మేలు.

తల్లులను గూర్చి యెవరును అడుగరు గనుక నేను అడుగుచున్నాను. యాత్ర యనగా ఇంటనున్నవారి కందఱకును విశ్రాంతి. తల్లికి మాత్రము వేకువను మూడింటికి లేచి పులిహోర కలుపుట, దారిలో వడ్డించుట, రాత్రి గిన్నెలు తోముట. ఒక పూటకు మాత్రమే ఇంటి భోజనము కట్టుకొని, మిగిలిన పూటలు దారిలోని భోజనశాలలలో గడుపుడు. ఆమెకు నచ్చిన యొక చోటు పట్టీలో ఉండవలెను. అచట ఎంతసేపు నిలువవలెనో ఆమెయే చెప్పవలెను. అవ్వ, తాత వెంట నున్నచో తొట్లకొండ ఎక్కు నడకను, శాలిహుండపు కొండనెక్కుటను వారి మోకాళ్లనడిగి నిర్ణయింపుడు.

పిల్లలకు వారి పాలు పని ఉండనిండు. పెద్దవానికి కాగితపు పటము, రెండవదానికి ఖర్చుల పద్దు. ఫోను దారి చూపును, నిజమే. కాని వంశధార ఏ కొండలనుండి వచ్చి కళింగపట్టణమున కడలిని చేరునో తెలియుటకు పటము మోకాళ్లపై పఱచుకొనవలెను. పద్దు వ్రాసిన బాలిక కొబ్బరిబొండము ధర యడుగకమానదు.

రెండవ దినమున శాలిహుండపు ఇటుక స్తూపములను ఉదయము చూచి, మధ్యాహ్న భోజనము కానిచ్చి, కళింగపట్టణపు దీపస్తంభము దాపున ఒడ్డున కూర్చుండుడు. నాలుగు గంటలకు లేవవలెను. రహదారిపై లారీలు చీకటిలో ఎక్కువ. రెండు దినములు బండి నడపిన మనిషికి కన్ను మూతపడు వేళయు అదియే. అతనికి దారిలో టీ యిప్పించి, పావుగంట దిగి నడువనిండు.