మేర గీసిన యౌవనము

ఆటలు రెండు విధములు. స్వయముగా ఆడునవి కొన్ని; ఒరులచే ఆడించునవి కొన్ని. చదరంగము రెండవ తెగకు చెందినది. అందలి బలములకు ప్రాణము లేదు. రాజునకు వార్ధకము రాదు, గుఱ్ఱము అలసిపోదు, బంటు ఏమియు నేర్చుకొనదు. కడపటి గడి చేరి బంటు మంత్రి యగుట పదవిలోని మార్పే కాని నేర్చిన విద్య కాదు. ఇంటర్నెట్టు వచ్చిన పిదప ఈ తెగలోనే ఒక క్రొత్త శాఖ పుట్టినది. ఇందలి బంట్లకు వయసు మీఱును. వారు అలసిపోవుదురు, జీతము పుచ్చుకొందురు, అన్నిటికంటె ముఖ్యముగా నేర్చుకొందురు. 1997లో స్వీడనులో మొదలైన 'హాట్రిక్' అను ఫుట్‌బాల్ ఆట ఈ శాఖకు చాలవఱకు దారిచూపినది. 2007లో వచ్చిన 'బజర్‌బీటర్' అదే దారిని బాస్కెట్‌బాల్ వైపు మళ్ళించినది.

ఈ ఆటలో పాల్గొనువాడు బంతిని ముట్టడు. అతడు ఒక జట్టునకు మేనేజరు. ఎవరు ఏ స్థానమున నిలువవలెను, ఎవరిని కొనవలెను, ఎవరిని అమ్మవలెను, ఎవరికి ఏ విద్య నేర్పవలెను అని నిర్ణయించుట అతని పని. నిర్ణయించిన పిమ్మట అతడు చేయగలది లేదు. ఆటను యంత్రము ఆడించును. ఒక సీజనునకు 14 వారములు. లీగునకు 16 జట్లు. వారమునకు సాధారణముగా మూడు ఆటలు. శిక్షణ ఫలము వారమున కొక్కమాఱే వెలువడును. గంటసేపటి వినోదము కోరి వచ్చినవాడు ఇందు నిలువజాలడు. విత్తు నాటి మొలకకై ఎదురుచూడగలవానికే ఇందు రుచి కలదు.

ప్రతి సీజనునకు ఒకమాఱు డ్రాఫ్టు జరుగును. 18, 19 ఏండ్ల యువకులు 48 మంది ఒక లీగునకు వత్తురు. జట్టునకు ముగ్గురు చొప్పున చేరుదురు. దూరమునుండి గుఱి చూచి వేయుట, బంతిని అదుపున నుంచుకొనుట, ఎదుటివారిని చీల్చుకొనిపోవుట, తోడివాని కందించుట, బుట్టక్రిందినుండి వేయుట, తిరుగుబంతిని పట్టుట మొదలగు ఒక్కొక్క విద్యకును మెట్లు కలవు. వయసు చిన్నదైనకొలది మెట్లు త్వరగా ఎక్కుదురు. పొట్టివారికి గార్డుల విద్యలు, పొడవరులకు బుట్టక్రింది విద్యలు సులువుగా అబ్బును. మంచి శిక్షకుని పెట్టుకొన్నచో వేగము హెచ్చును, జీతమును హెచ్చును.

ఇంతవఱకు ఇది లెక్క. ధర్మసంకటము ఇక్కడినుండి ఆరంభమగును. యువకుడు నేర్వవలెనన్న ఆడవలెను. వారమునకు 48 నిమిషములు, అనగా ఒక నిండు ఆట, శిక్షణ కేర్పఱచిన స్థానమున నిలిచినవానికే పూర్తిఫలము. ఒకే స్థానమునకు శిక్షణ నిచ్చినచో మూడు ఆటలకు ముగ్గురు యువకులు పూర్తిగా లాభపడుదురు. రెండు స్థానములకు పంచినచో ఆర్గురు లాభపడుదురు గాని వేగము తగ్గును. తక్కినవారు వేచియుండవలసినదే. అంతతోనైన తీరదు. పొడవైన బాలునకు బంతిని నడుపుట నేర్పవలెనన్న అతనిని గార్డు స్థానమున నిలుపవలెను. అచ్చట అతడు తడబడును; ఎదుటి గార్డు అతనిని సునాయాసముగా దాటిపోవును. ఆట పోవును. పట్టికలో జట్టు దిగజాఱును; టిక్కెట్ల రాబడి తగ్గును. ఆ నష్టమంతయు రేపటి ఆటగానికై నేడు చెల్లించు వెల.

కావున మేనేజర్లలో రెండు తెగలు ఏర్పడినవి. ఒకరు పెంచువారు, ఒకరు కొనువారు. కొనువాని వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. అంగడి యున్నది, చేతిలో సొమ్మున్నది, పాతికేండ్ల పండిన ఆటగాడు వేలమునకు వచ్చియున్నాడు. ఓటములు భరించి బాలుని పెంచుట యెందులకు అని అతడడుగును. నియమములలో దీనికి నిషేధమును లేదు. ఐనను ఒక్క విషయము గుర్తింపవలెను. వేలమునకు వచ్చిన ఆ పాతికేండ్లవాని వెనుక ఎవరో ఒకరు సహించిన ఓటములు కలవు. ఆటలో ఒక సీజను ఒక యేడు. పదునెనిమిదేండ్లవాడు పాతికేండ్లవాడగుటకు ఏడు సీజనులు, అనగా 98 వారములు పట్టును. సుమారు రెండు నిజమైన సంవత్సరములు ఒక మనిషి వారము వారము కనిపెట్టుకొని యుండెనన్నమాట. కొనువాడు చెల్లించునది ఆ కాలమునకు మూల్యము. అందఱును కొనువారే యైనచో అమ్ముటకు ఎవరును మిగులరు. పెంపకము లేని అంగడి పంట లేని సంత వంటిది.

పెంచువారిలోనను అందఱును ఒక్క తీరువారు కారు. ఒకే విద్యను ఆకాశమునకెత్తి, తక్కినవానిని పాడుపెట్టి, ఆ ఒక్క అంకెను చూపి గర్వపడువారు కలరు. ఆట వారిని తనంతటనే శిక్షించును. ఆటగాని జీతము అతని ప్రధానవిద్యలను బట్టి నిర్ణయింపబడును; అది మెట్టుమెట్టునకు మిక్కిలి వేగముగా పెరుగును. బుట్టక్రింద మాత్రమే ఘనుడై, బంతిని పట్టలేని, అందింపలేని పొడవరి ఖజానాను హరించును. పలువిద్యలు సమముగా నేర్చినవాడు తక్కువ జీతమునకు ఎక్కువ మేలు చేయును. సమగ్రమైన చదువు ఖరీదైనదనియు, ఏకముఖమైన చదువు లాభసాటియనియు తలచువారికి ఈ చిన్న లెక్క చూడదగినది.

ఇంతవఱకు ఈ ఆట మెచ్చుకొనదగినదే. ఓర్పునకు ఫలమున్నదని మాటలతో బోధింపక చేతలతో నేర్పును. కాని ఇందొక నియమమున్నది. అది ఈ ఓర్పుయొక్క విలువనే తగ్గించుచున్నది. డ్రాఫ్టునుండి వచ్చిన ప్రతి యువకునికి అతని శక్తికి మేర ముందే గీయబడియుండును. ఆ మేరలు పండ్రెండు అంతరములు. అన్నిటికంటె క్రింది అంతరమునకు 'అనౌన్సరు' అని పేరు. అనగా ఈతడు ఆడుటకంటె ఆటను వర్ణించుటకు తగినవాడని పరిహాసము. పై అంతరము 'ఆల్-టైమ్ గ్రేట్'. మేరను సమీపించిన పిదప శిక్షణ మిక్కిలి మందగించును. ఈ మేర యజమానికి మొదటినుండియు తెలియును. కావున అతడు బాలుని ఆట చూడడు. ముందుగా ఆ మాట చూచును. 'అనౌన్సరు' అని కనబడినచో చాలమంది ఆ బాలుని ఒక్కవారమైన ఆడింపక పంపివేయుదురు. దేశమునకొక 21 ఏండ్ల లోపువారి జట్టు కలదు. దాని శిక్షకుని ఆ దేశపు మేనేజర్లే వోట్లతో ఎన్నుకొందురు. అతని చూపును పై అంతరములవారిమీదనే నిలుచుట సహజము.

పూర్వులు దీనిని లలాటలిఖితమనిరి. ఐతే వారి బ్రహ్మ కనికరము కలవాడు. వ్రాసినదానిని ఎవరికిని చదువనీయలేదు. ఈ యంత్రబ్రహ్మ వ్రాసి, చదివి వినిపించును.

ఆటకు హద్దులుండవలెను గదా అని సమర్థించువారు కలరు. మేర లేనిచో ప్రతి బాలుడును కాలక్రమమున మహామహుడగును. జట్లన్నియు ఒక్క పోలికవి యగును. అంగడికి అర్థమే యుండదు అందురు. ఇది న్యాయమైన మాట. మేర యుండుటపై ఆక్షేపణ లేదు. దానిని మొదటనే ప్రకటించుటపైనే ఆక్షేపణ. ఫలితము ముందే తెలిసిన ఓర్పు బ్యాంకులో వేసిన డిపాజిట్టు వంటిది. వడ్డీ రేటు చూచి వేయుదురు, గడువు తీఱగనే తీసికొందురు. ఏమగునో తెలియక చేసినదే పెంపకము.

నిజమైన బాస్కెట్‌బాల్ చరిత్ర ఈ ఆక్షేపణకు సాక్ష్యము. 2014లో అమెరికా వృత్తిలీగైన ఎన్‌బీఏ డ్రాఫ్టులో సెర్బియా దేశపు యువకుడు నికోలా యోకిచ్‌ను డెన్వర్ నగ్గెట్స్ జట్టు 41వ వానిగా ఎన్నుకొన్నది. అతని పేరు వెలువడిన క్షణమున టెలివిజనులో ఒక తినుబండారముల ప్రకటన నడచుచుండెను, అంతటి ఉదాసీనత. ఆ యువకుడే 2021, 2022, 2024 సంవత్సరములలో లీగులోకెల్ల శ్రేష్ఠుడుగా బిరుదు పొందెను. 2023లో డెన్వరునకు మొదటి విజేతపదమును తెచ్చిపెట్టెను. అతనికంటె ముందు నలుబదిమందిని పిలిచినవారు మూఢులు కారు, వారును కొలిచినవారే. కొలతకు అందనిది అతనియందు పెరుగుటకు సిద్ధముగా నుండెను.

యానిస్ అడెటొకుంబో కథ ఇంకను దగ్గఱిది. ఏథెన్సులో పెరిగి, గ్రీసు దేశపు రెండవ తరగతి లీగులో ఆడుచున్న అతనిని 2013లో మిల్వాకీ బక్స్ 15వ స్థానమున ఎన్నుకొన్నది. 2016 ఆరంభమున అప్పటి శిక్షకుడు జేసన్ కిడ్ ఆ పొడవరి చేతికి బంతినిచ్చి గార్డు పని చేయించెను. బజర్‌బీటర్ మేనేజరు చేయు సాహసమే ఇది. ఆ సీజనులో జట్టు 33 ఆటలు గెలిచి 49 ఓడినది, ప్లేఆఫులకు చేరలేదు. మఱుసటి సీజనున అతడు అత్యంతాభివృద్ధి సాధించిన ఆటగాడుగా ఎన్నికయ్యెను. 2019, 2020లలో శ్రేష్ఠుడను బిరుదును పొందెను. 2021లో మిల్వాకీ విజేత యయ్యెను. నాటి ఓటములు వ్యర్థము కాలేదు. కాని వానిని సహించినవారికి ఫలితము ఏ పట్టికలోను వ్రాసియుండలేదు.

ఎత్తు విషయము చూతము. పొట్టివానికి బుట్టక్రింద చోటు లేదనుట లెక్క ప్రకారము సరియే. ఐనను 160 సెంటీమీటర్ల మగ్సీ బోగ్స్ 1987నుండి 14 సీజనులు ఎన్‌బీఏలో ఆడెను. అతడు బుట్టక్రిందికి పోలేదు. తన ఎత్తుననే పనికివచ్చు విద్యలను వెదకికొనెను. మేర గీతవలె కనబడినది అతనికి మలుపు అయ్యెను.

బొమ్మల ఆటకింత చర్చ యెందులకని ఎవరైన నడుగవచ్చును. ఆ యువకులు పేర్లు, అంకెలు మాత్రమే. పంపివేసినంత మాత్రమున వారిలో ఎవరును కంట తడి పెట్టరు. నిజమే. ఆపద వారికి కాదు, చూచువాని కంటికి. రోజును మనుష్యరూపములను అంకెలుగా చదువు కన్ను అట్లే చదువుట కలవాటుపడును. మన కళాశాలలలో మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా వేఱుచేయు పద్ధతి తెలియనివారు లేరు. పై సెక్షనువారికి మేలైన అధ్యాపకులు, క్రింది సెక్షనువారికి మిగిలినవారు. అచ్చటను నిమిషములు పరిమితములే. అచ్చటను మేర మొదటనే గీయబడును. క్రింది సెక్షనున కూర్చున్న బాలుడు ఆడింపబడక, ఆడింపబడనందున నేర్వక, నేర్వనందున తగనివాడని తేలును. ఆ కాలేజీ కమిటీకి బజర్‌బీటర్ తెలియకపోవచ్చును. న్యాయము మాత్రము ఒక్కటే. భేదమొక్కటి కలదు. ఆటలో మేర నిజముగా నుండును. కళాశాలలో అది ఊహ మాత్రమే. ఆ ఊహను నిజము చేయునది నిమిషముల పంపిణీ.

ఆటను రూపొందించువారు చేయదగిన దొకటి కలదు. మేరను తొలగింప నక్కఱలేదు. దానిని కనబడనీయకున్న చాలును. శిక్షణ మందగించినపుడు మేనేజరే గ్రహించుకొనును. అట్లైన ఏడు సీజనులు శ్రమపడి, తుదకు బాలుడు చిన్నవాడుగనే నిలిచిపోవుట కొందఱికి జరుగును. ఇది అన్యాయమనువారు ఏ ఊరి మైదానమున నైనను సాయంకాలము పిల్లలకు బంతి నేర్పు వ్యాయామోపాధ్యాయుని అడుగవలెను. అతడు ఈ అన్యాయమును ప్రతి యేడును భరించుచున్నాడు. దానినే తన వృత్తి యనుకొనుచున్నాడు.

ఆట మాఱువఱకు మేనేజరు చేయగలదియు కలదు. క్రింది అంతరపు బాలుని గూడ ఒక సీజను ఆడించి చూడవచ్చును. జీతము తక్కువ, విద్యలు సమములు అయినచో అట్టివాడే ఆఱవవాడుగనో ఏడవవాడుగనో జట్టును నిలువబెట్టును. పై అంతరముల నలుగురిని పోషించి పేదయైన జట్లను ఇట్టివారితో ఓడించుట ఆ ఆటలో అరుదు కాదు. నిమిషములు ఇచ్చుట మేనేజరు చేతిలోనున్నది. వానిని ముందుగా ఎవరికి నిరాకరించుచున్నాడో చూచుకొన్న చాలును.