గొట్టము మార్చుట గృహస్థునకు అశక్యమా?

సంపాదక మహాశయులకు,

గురితుపాకి గొట్టమును మార్చుట లేతుయంత్రము గల నిపుణునికే గాని గృహస్థునకు శక్యము కాదని గతసంచికలో వ్యాసకర్తగారు సెలవిచ్చిరి. గొట్టమును మరచుట్లతో బిగించు బోల్టు రైఫిళ్ల విషయమున వారి మాట శిరోధార్యమే. కాని 1964లో అమెరికాలో వెలువడిన రూగర్ 10/22 రైఫిలునకును అదే సూత్రమును వర్తింపజేయుట అన్యాయము. అందు గొట్టపు మొదలు రిసీవరులోనికి జొచ్చియుండగా, వీ ఆకారపు దిమ్మయొకటి రెండు మరలతో దానిని వెనుకకు లాగి పట్టియుంచును. మాగజైను తీసివైచి, గొట్టపు గదిలో తూటా లేదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొని, కట్టె (స్టాకు) నుండి యంత్రమును వేరుచేసిన పిమ్మట, ఆ మరలను సడలించుటకు అలెన్ కీ యొక్కటి చాలును. అయితే రిసీవరు అల్యూమినియపుది గనుక, రెండింటిని మార్చి మార్చి కొంచెము కొంచెముగా బిగింపక బాహుబలమును ప్రదర్శించువాడు మరచుట్లను చెఱుపుకొనును. గొట్టపు మొదటనున్న గాడి ఎక్స్‌ట్రాక్టరు కొక్కెమునకు సరిగా నెదురుపడినదో లేదో చూచుకొనవలెను.

నిజమైన చిక్కు కట్టెతోనే, దానిని వ్యాసకర్తగారు ప్రస్తావింపనే లేదు! 0.920 అంగుళముల లావుగల పందెపు గొట్టము సన్నగొట్టమునకై తొలిచిన కాలువలో ఇముడదు. కాలువను వెడల్పు చేయుటయో, కట్టెనే మార్చుటయో తప్పదు.

ఇది అమెరికా మాట. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము తుపాకుల మరమ్మతునకును లైసెన్సు కోరుచున్నది గనుక, ఇచ్చటి పాఠకులు ఈ పనిని లైసెన్సుగల వర్తకునికే అప్పగింపవలసియుండును.

భవదీయుడు,
ఒక పాఠకుడు