గూడు కూడా గర్భాలయమే

చైత్ర వైశాఖ మాసాలు వసంత ఋతువు. భగవద్గీతలోని విభూతి యోగంలో శ్రీకృష్ణ పరమాత్మ తన విభూతులను వివరిస్తూ, ఋతువులలో పూలకు నెలవైన వసంతం తానేనని, పక్షులలో గరుత్మంతుడు తానేనని అర్జునునికి తెలియజేశాడు. ఒకే అధ్యాయంలో పూల ఋతువునూ, పక్షినీ తన స్వరూపాలుగా పేర్కొన్న ఆ స్వామిని మనం ఆలయంలో మాత్రమే దర్శించి, ఇంటి పెరట్లో చూడలేకపోవడం ఎంతవరకు సమంజసం? ఆస్తికుడైన ప్రతి గృహస్థూ ఈ రెండు నెలలలో ఒక్కసారైనా తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న ఇది.

మా జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలనే తీసుకుందాం. ఒకప్పుడు ఇదంతా బండరాళ్లు, ముళ్లపొదలు నిండిన గుట్టల ప్రదేశం. చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చింది, స్టూడియోలు వెలిశాయి, రాళ్లు పగిలి మేడలు లేచాయి. అయినా ప్రకృతి మాత ఈ కొండలను పూర్తిగా విడిచిపెట్టలేదు. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి వనం దాదాపు 390 ఎకరాలలో నేటికీ పచ్చగా నిలిచి ఉంది. తెల్లవారుజామున దాని చుట్టూ నడిచేవారికి నెమలి క్రేంకారం వినిపిస్తుంది. ఇళ్ల ప్రహరీల లోపల మందారాలు, నందివర్ధనాలు, గన్నేర్లు. వీధుల వెంట కానుగలు, వేపలు, తురాయిలు. ఆకు రాల్చిన మోదుగ నిప్పుకణికల వంటి పూలతో ముందుగానే వసంతానికి స్వాగతం పలుకుతుంది. ఉగాది నాటికి వేప పూస్తుంది. ఎండలు ముదిరేసరికి రేలచెట్టు పసుపుపచ్చని గుత్తులను వేలాడదీస్తుంది. గోరువంక, పికిలిపిట్ట, తేనెపిట్ట, రామచిలుక, జెముడుకాకి ఇవన్నీ పిలవకుండానే మన పెరటికి వచ్చే అతిథులు.

ఈ మధ్య ఆలయానికి వచ్చే భక్తులలో కొందరు తీర్థప్రసాదాలు స్వీకరించిన తరువాత చేతిలోని ఫోను తెరిచి, ‘పంతులుగారూ, మా పెరట్లో వాలిన పిట్టను చూడండి’ అని ముచ్చటగా చూపిస్తున్నారు. ఉదయాన్నే పూసిన మందారాన్ని ఫొటో తీయనిదే కాఫీ తాగని గృహిణులూ ఉన్నారు. దీనిని చూసి, ‘భగవంతుడిని స్మరించవలసిన వేళ ఈ ఫోనుల గోల ఏమిటి?’ అని విసుక్కునే పెద్దలూ ఉన్నారు. వారి మాటను పూర్తిగా తోసిపుచ్చలేము. అయితే కెమెరా దానంతట అది పుణ్యమూ కాదు, పాపమూ కాదు. దాని వెనుక ఉన్న చూపును బట్టి అది దర్శనానికి సాధనమవుతుంది, లేదా దోపిడీకి పనిముట్టు అవుతుంది. ఈ రెండింటికీ ఉన్న భేదాన్ని గుర్తించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

చూడడమే సాధన

మన శాస్త్రాలు పక్షిని తక్కువగా చూడలేదు. కృష్ణ యజుర్వేదంలో మన తెలుగునాట విశేషంగా అధ్యయనం చేసే శాఖ తైత్తిరీయం. యాజ్ఞవల్క్యుడు విడిచిన వేదాన్ని తోటి శిష్యులు తిత్తిరి పక్షుల రూపంలో స్వీకరించారని, అందువల్లనే ఆ పేరు వచ్చిందని పురాణగాథ. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకు ఇరవై నలుగురు గురువులున్నారని చెబుతూ, పావురాన్నీ, తేనెటీగనూ వారిలో చేర్చాడు. ముండకోపనిషత్తు ఒకే చెట్టుపై ఉన్న రెండు పక్షులను మన ముందు నిలుపుతుంది. ఒకటి పండు తింటుంది. మరొకటి తినకుండా ఊరకే చూస్తూ ఉంటుంది. జీవేశ్వర తత్త్వాన్ని బోధించే ఆ మంత్రం అర్థం చాలా లోతైనది. అందులో మనకు ఇక్కడ కావలసింది ఒక్క సూచన: అనుభవించాలన్న ఆత్రం లేకుండా చూడగలగడం ఉన్నతమైన స్థితి.

ఫిల్మ్‌నగర్‌లో నివసించేవారికి ఈ సంగతి మరింత సులభంగా అర్థమవుతుంది. సినిమా కెమెరా ముందు అన్నీ ఆజ్ఞకు లోబడి ఉంటాయి. వాన కావాలంటే గొట్టాలతో వాన కురుస్తుంది. వసంతం కావాలంటే కాగితపు పూలు కొమ్మలకు పూస్తాయి. నచ్చకపోతే అదే దృశ్యాన్ని మళ్లీ తీయవచ్చు. కానీ గన్నేరు కొమ్మపై వాలిన తేనెపిట్ట ఎవరి ఆజ్ఞకూ కట్టుబడదు. దానికి మళ్లీ చేయమని చెప్పేవారు లేరు. అది తన ఇష్టంతో వస్తుంది, తన ఇష్టంతో వెళుతుంది. దానిని చూడదలచినవాడు కదలకుండా, మాట్లాడకుండా, ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ వేచి ఉండాలి. గుడి తలుపులు తెరిచేవరకు బయట నిలిచే భక్తుని స్థితి ఇదే కదా!

వాల్మీకి చూపు, వేటగాడి చూపు

తమసా నది ఒడ్డున క్రౌంచ పక్షుల జంటను ఇద్దరు చూశారు. ఒకరు వాల్మీకి మహర్షి, మరొకరు వేటగాడు. చెట్టు ఒకటే, పక్షులూ అవే. వేటగాడికి అక్కడ గురి మాత్రమే కనిపించింది. మహర్షికి ప్రాణం కనిపించింది. మగ పక్షి నేలకూలినప్పుడు మహర్షి హృదయంలో పుట్టిన శోకమే శ్లోకమై, రామాయణానికి నాంది పలికింది. ఫోను పట్టుకున్న మన చేతి ముందు నేడు ఈ రెండు దారులూ ఉన్నాయి.

1930ల ఆరంభంలో ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నాటి హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే నిర్వహించారు. ఒక పక్షిని నిశ్చయంగా గుర్తించడానికి దానిని తుపాకితో కొట్టి నమూనాగా భద్రపరచడం ఆ కాలంలో శాస్త్రజ్ఞులకు పరిపాటి. ఆ పనిని ఈనాడు చాలావరకు ఒక ఛాయాచిత్రం ప్రాణహాని లేకుండా నెరవేరుస్తోంది. ఇది ఎంతో సంతోషించదగిన మార్పు. కానీ తుపాకి లేనంత మాత్రాన హింస లేదని అనుకోరాదు.

తేనెపిట్ట గూడును గమనించండి. ఎండుటాకులు, నారపోగులు, సాలెగూటి దారాలు కలిపి, చిన్న సంచి వలె కొమ్మకు వేలాడదీస్తుంది. ఫొటోలో స్పష్టంగా కనబడాలని గూటి చుట్టూ ఉన్న ఆకులు తుంచితే, పిల్లలకు నీడ పోతుంది. కాకికీ, పిల్లికీ దారి తెలుస్తుంది. మనం మాటిమాటికీ దగ్గరకు వెళితే బెదిరిన తల్లి గూడు విడిచిపోవచ్చు. ముఖంపై వెలుగు కొట్టడం, రాయి విసిరి ఎగరగొట్టడం, ఫోనులో కోయిల కూత వినిపించి కొమ్మపైకి రప్పించడం ఇవన్నీ వినోదంగా కనిపించే హింసలే. ఆ కూత విన్న కోయిల, తన చోటులోకి మరొక కోయిల చొరబడిందని కలవరపడుతుంది. గర్భాలయంలోకి కెమెరాతో వెళ్లరాదని చాలా ఆలయాలలో నియమం ఉంది. భక్తులు దానిని పాటిస్తున్నారు. గుడ్లు, పిల్లలు ఉన్న గూడు కూడా గర్భాలయం వంటిదే. దూరం నుంచి నమస్కరించి రావడమే అక్కడ మర్యాద.

నాలుగు పువ్వుల పూజ

భగవంతునికి ప్రీతికరమైన ఎనిమిది భావ పుష్పాలను మన పెద్దలు చెప్పారు. వాటిలో అహింస, ఇంద్రియ నిగ్రహం, సర్వభూత దయ, క్షమ మొదటి నాలుగు, చివరిది సత్యం. మొదటి నాలుగూ లేనిదే పక్షికి మంచి ఫొటో తీయడం సాధ్యం కాదు. హింస చేయరాదు, ఆత్రాన్ని అణచుకోవాలి, ఆ ప్రాణిపై దయ ఉండాలి, అది ఎగిరిపోతే కోపగించక ఓర్చుకోవాలి. సక్రమంగా చేస్తే ఈ చిన్న అలవాటు కూడా ఒక అర్చన అవుతుందని నేను నమ్ముతాను.

పూల విషయంలోనూ ఒక మాట. నేను అర్చకుడిని, పూజకు పూలు కోయవద్దని అనను. కానీ తెల్లవారకముందే సంచి పట్టుకుని, పొరుగువారి గోడమీది కొమ్మను వంచి, చెట్టుకు ఒక్క మొగ్గ కూడా మిగల్చకుండా దూసుకురావడం భక్తి కాదు. యజమాని అనుమతి లేని పువ్వు దేవుని పాదాల వద్ద ఉన్నా పరుల సొత్తే. నాలుగు పూలు స్వామికి సమర్పించి, మిగిలినవి తేనెటీగకూ, తేనెపిట్టకూ వదలండి. చెట్టున ఉన్న పువ్వును కనులారా చూసి, ఫొటో తీసుకుని, అక్కడే మనసులో స్వామికి నివేదించండి. మానస పూజకు శాస్త్రంలో ఎంతో గౌరవం ఉంది. ఆ పువ్వు వాడిపోయేవరకు కొమ్మ మీదనే స్వామి సేవలో ఉంటుంది.

ఇక సత్యమనే పువ్వు. ప్రతి ఉదయం మన ఫోనులకు శుభోదయమంటూ ఎన్నో పూల చిత్రాలు వస్తున్నాయి. వాటిలో కొన్ని ఏ తోటలోనూ పూయని పూలు. యంత్రం కల్పించిన చిత్రాలు. వాటిని పదిమందికి పంపడం కంటే, మీ ఇంటి తులసి కోట పక్కన పూసిన నందివర్ధనాన్ని, రేక మీద మచ్చ ఉన్నా సరే, ఉన్నది ఉన్నట్లు తీసి పంపండి. అందులో సత్యం ఉంది, మీ ఇంటి ఉదయం ఉంది. నిజమైన చిత్రం జ్ఞానాన్నీ ఇస్తుంది. ‘కోయిలమ్మ’ కూసిందని మనం ముచ్చటపడతాం. శ్రద్ధగా చూసి ఫొటో తీసినవారికి వసంతమంతా ‘కుహూ’ అని పిలిచేది నల్లని మగ కోయిల అని, ఆడ కోయిల ఒంటినిండా తెల్లని చుక్కలతో గోధుమ వన్నెలో ఉంటుందని, అది కాకి గూటిలో గుడ్లు పెడుతుందని తెలుస్తుంది.

పాలపిట్ట అడుగుతున్న ప్రశ్న

ఇదంతా కేవలం మనోల్లాసం కోసమేనా అని సందేహించేవారికి పాలపిట్టే సమాధానం. విజయదశమి నాడు జమ్మి పూజ తరువాత పాలపిట్టను చూడడం మన సంప్రదాయం. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక ప్రకారం, సంఖ్య 30 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గిపోయిన 14 జాతులలో పాలపిట్ట ఒకటి. ఆ నివేదికకు ఆధారం 30 వేలమందికి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన దాదాపు 3 కోట్ల పరిశీలనలు. వారందరూ శాస్త్రవేత్తలు కారు. ఎందరో మనవంటి సామాన్య గృహస్థులే. ఫలానా రోజున ఫలానా పక్షిని చూశానని నిజాయితీగా రాసిపెట్టినందువల్లనే ఈ ప్రమాదం లోకానికి తెలిసింది. ఏటా ఫిబ్రవరిలో ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ పేరిట ప్రపంచమంతటా జనం తమ ఇంటి పెరటి నుంచే కనీసం 15 నిమిషాలు పక్షులను లెక్కిస్తారు. 1998లో అమెరికాలో మొదలైన ఆ కార్యక్రమంలో 2013 నుంచి మన దేశం కూడా పాలుపంచుకుంటోంది.

మరి మనం ఏం చేస్తున్నాం? దసరా వేళ కొందరు పాలపిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో ఉంచి, భక్తులకు చూపించి డబ్బు తీసుకుంటున్నారు. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, రెక్కలు కట్టిన పక్షిని చూస్తే శుభం కలుగుతుందని ఏ శాస్త్రం చెబుతుంది? విజయానికి గుర్తయిన పక్షిని బందీగా చూడడం ఆ పండుగకే విరుద్ధం. డబ్బిచ్చి చూసేవారు లేకపోతే పట్టేవారూ ఉండరు. ఆరోజు పాలపిట్ట నిజంగా కనబడకపోతే, అది స్వేచ్ఛగా ఎగురుతున్నప్పుడు తీసిన ఒక ఫొటోను పూజామందిరంలో ఉంచి నమస్కరించండి. కట్టివేసిన పక్షి దర్శనం కన్నా అది వేయిరెట్లు మేలు.

పెరటి వైపు పది నిమిషాలు

గృహస్థులకు నా మనవి ఒక్కటే. ఈ వసంతంలో రోజూ సూర్యోదయమైన తరువాత పది నిమిషాలు మీ పిల్లలనో, మనవలనో వెంటబెట్టుకుని పెరట్లోకో, డాబా మీదికో, అదీ లేకపోతే బాల్కనీలోకో వెళ్లండి. ఆ వేళ వెలుగు మెత్తగా ఉంటుంది. పక్షులు చురుకుగా తిరుగుతాయి. ముందు కాసేపు ఉత్త కళ్లతో చూడండి. ఆ తరువాతనే ఫోను తీయండి. తీసిన చిత్రం కింద ఆ పువ్వు పేరు, ఆ పక్షి పేరు తెలుగులో రాయించండి. పేరు తెలియని ప్రాణిపై ప్రేమ నిలవడం కష్టం. పికిలిపిట్ట అని పేరు పెట్టి పిలిచిన పిల్లవాడు రేపు దాని చెట్టును నరకబోతే ఊరుకోడు.

గృహస్థు ప్రతిదినం చేయవలసిన పంచ మహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. సకల ప్రాణులకు ఆహారంలో భాగమివ్వడమే ఆ యజ్ఞం. వరి కంకుల కుచ్చులను ఇంటి ముంగిట, గుడి మండపంలో పిచ్చుకల కోసం వేలాడదీసిన మన పూర్వుల ఆచారం దాని రూపమే. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో వెడల్పాటి మట్టిమూకుడులో నీళ్లు పోసి నీడన ఉంచండి. రోజూ కడిగి కొత్త నీరు పోయండి. ఫొటో తీసుకున్నందుకు ఆ పక్షికి మనం ఇచ్చే దక్షిణ అది. చూసే కన్ను, ఇచ్చే చేయి రెండూ కలిసినప్పుడే దర్శనం పూర్ణమవుతుంది. ఈ వసంతంలో మీ ఇంటి చెట్టున ఒక గూడు వెలిసినట్లయితే, స్వామి తనంతట తాను మీ ఇంట కొలువుతీరాడని భావించి, ఆ కొమ్మను చల్లగా చూసుకోండి.