జో లూయిస్ మరల బరిలోనికి దిగవలసియుండెనా?

ముష్టియుద్ధమునుండి ఒకసారి విరమించిన జగద్విజేత మరల బరిలోనికి దిగవచ్చునా యని మా పై తరగతుల విద్యార్థుల నడుమ నొక వాదము బయలుదేరినది. కూడదనువారు జో లూయిస్‌ను, తప్పేమనువారు జార్జి ఫోర్మన్‌ను సాక్ష్యమునకు దెచ్చి, తీర్పు మమ్ము చెప్పుమనిరి. ఆ విద్యయందు మాకు ప్రవేశము స్వల్పము. అయినను వినినకొలది, ఈ వాదములో సగము పిడికిళ్లకు గాక కూడికలకు తీసివేతలకు సంబంధించినదని తోచినది. కావున సాహసించుచున్నాము.

లూయిస్ 1914లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున, పరుల భూమిని పాలికి సేద్యము చేయు నల్లజాతి కుటుంబమున జన్మించెను. ఆ కుటుంబము తరువాత డిట్రాయిట్ నగరమునకు వలసపోయెను. 1937లో హెవీవెయిట్ జగద్విజేతయై, పదునొకండేండ్లకు మించి, 25 పర్యాయములు ఆ బిరుదును నిలుపుకొనెను. తన్ను 1936లో ఓడించిన జర్మను యోధుడు మాక్స్ ష్మెలింగ్‌ను 1938లో మొదటి రౌండు ముగియకమునుపే నేలగూల్చెను. 1949 మార్చిలో విజేతగనే విరమించెను. అచ్చటనే యాగియున్నచో నేడీ వాదము లేదు.

ఆగలేకపోవుటకు కీర్తికాంక్ష కారణమని కొందరు విద్యార్థులు తలచిరి. అది సరికాదు. అతడు ప్రభుత్వమునకు చెల్లింపవలసిన ఆదాయపు పన్ను బకాయి వడ్డీతో పెరిగి అయిదు లక్షల డాలర్లకు మించెను. ఇందు అతని తప్పు లేకపోలేదు: ఎముక లేని చేయి, గిట్టుబాటుకాని వ్యాపారములు, లెక్కలను పరులకు వదలివేయుట. కాని 1942లో రెండు పోటీలలో తనకు వచ్చిన ప్రతిఫలమును అతడు నౌకాదళ, సైనికదళ సహాయనిధుల కిచ్చివేసెను. ఆ సొమ్మును సైతము పన్నువారు అతని ఆదాయముగనే లెక్కించిరి. అదే యేడు సైన్యమున చేరినవానికి దొరకిన బహుమాన మిది! చిన్ననాట తన కుటుంబమునకు నగరమువా రిచ్చిన సహాయధనమును, చేతికి పైకము రాగానే తిరిగి చెల్లించిన మనిషికి అప్పు ఎగవేయు బుద్ధి గలదని యెవరనగలరు?

1950 సెప్టెంబరు 27న, తన 36వ యేట, లూయిస్ అప్పటి విజేతయగు ఎజర్డ్ చార్లెస్‌తో తలపడి, పదునైదు రౌండ్లు నిలిచి, పాయింట్ల లెక్కలో ఓడెను. పిదప వరుసగ ఎనిమిది పోటీలు గెలిచెను. 1951 అక్టోబరు 26న న్యూయార్కులో రాకీ మార్సియానో యెదుట నిలిచెను. లూయిస్‌కు 37 ఏండ్లు, మార్సియానోకు 28. ముష్టియోధునకు పిడికిటి బలము చాలకాలము నిలుచును; ముందుగ పోవునవి కాళ్ల చురుకుదనము, కంటికి చేతికి గల పొందిక. దెబ్బ వచ్చుట కనబడును, తప్పుకొనుటకు వ్యవధి చాలదు. ఎనిమిదవ రౌండులో లూయిస్ త్రాళ్ల నడుమనుండి బరి యంచున పడిపోయెను. అదియే అతని తుది పోటీ. గెలిచిన మార్సియానో ఓడినవాని గదికి పోయి కన్నీరు పెట్టుకొనెనని చెప్పుదురు.

ఇక మా తీర్పు. లూయిస్ దిగకుండవలసినది. ఓడెను గనుక కాదు. గెలిచినను అప్పు తీరెడిది కాదు గనుక. పోటీవలన వచ్చిన సొమ్ములో మేనేజరు వంతు, శిక్షకుని వంతు పోగా మిగిలినదానిపై ఆ యేటి పన్ను పడును. ఆ కాలమున అమెరికాలో అత్యధిక ఆదాయముల పైమెట్టున పన్ను నూటికి 80కి మించియుండెను. అటుపై మిగిలిన కొద్దియే పాత బాకీకి పోవలెను. ఈలోపల ఆ బాకీకి వడ్డీ పెరుగుచునే యుండును. మా పాఠకులైన తల్లిదండ్రులకు ఈ లెక్క విప్పి చెప్ప నక్కరలేదు. వడ్డీ సంగతి మాకన్న బాగుగ నెరిగినవారు వారిలో పలువురు గలరు. చిల్లికుండను నింపుటకై ఒక మనిషి తలపై దెబ్బలు తినెను.

ఫోర్మన్ సంగతి వేరు. అతడు 1977లో విరమించి, 1987లో తిరిగివచ్చి, 1994 నవంబరు 5న తన 45వ యేట మైకేల్ మూరర్‌ను పదవ రౌండులో పడగొట్టి బిరుదు పొందెను. మెచ్చుకొనవలసినదే. అయితే అతడు మొదట చిన్న యోధులతో పోరాడుచు, ఒక్కొక్క మెట్టే యెక్కి, బిరుదుకై మొదటిసారి పోరాడుటకు 1991 వరకు వేచెను. లూయిస్ తిరిగివచ్చిన మొదటి పోటీయే విజేతతో. పెద్ద పైకము పెద్ద పోటీకే వచ్చును. బాకీదారునకు వేచియుండు తీరిక యేది?

"అయినచో అతడేమి చేయవలసియుండెను?" అని ఒక విద్యార్థి మమ్మడిగెను. మంచి ప్రశ్న. బరి విడిచిన పిదపను బాకీ అతనిని విడువలేదు. 1956లో డబ్బుకై కుస్తీ ప్రదర్శనలకు సైతము దిగెను. తుదకు 1960 దశకపు తొలినాళ్లలో పన్నువారు, అతని నాటి ఆదాయమునుబట్టియే వసూలు చేయుట కొప్పుకొనిరి. ఆ యొప్పుదలకై అతడు, అతని పక్షమువారు 1950లోనే గట్టిగ వాదింపవలసినది. రెండు పోటీల సొమ్మును సైనికుల నిధుల కిచ్చినవాడు నలుగురియెదుట ఆ మాట అడిగియున్నచో, కాదనుట ప్రభుత్వమునకు అంత సులభముగ నుండెడిది కాదు.