తాళపుచెవియు తువాలును

సంఘములో అధికారము కత్తి పట్టుకొని రాదు. పరిచర్య వేషముననే వచ్చును. ప్రార్థనమందిరపు తాళపుచెవి ఒకని యొద్ద నుండును. చందాల లెక్క మరియొకడు వ్రాయును. అక్షరములు రానివారికి ఉత్తరములు చదివిపెట్టువాడు వేరొకడు. ఇవన్నియు మంచి పనులే. అయితే కొంతకాలమునకు తాళపుచెవి గలవాని యిష్టము లేనిదే మందిరము తెరువబడదు. ఉత్తరము చదువువాడు కోపించునేమో యని విధవరాలు నోరు మెదపదు. సేవ కొరకు చేతికి వచ్చిన వస్తువు ఏలుబడికి ఆయుధమగును. ఆ మార్పు ఎన్నడు జరిగెనో ఆ సేవకునికే తెలియదు.

అమెరికా ఐక్య రాష్ట్రములలో అలాస్కా అను మిక్కిలి చలిగల దేశమున, కస్కోక్విమ్ నది యొడ్డున బాతెల్ అను ఊరు గలదు. యాకోబు రాతిని తలగడగా నుంచుకొని పండుకొనిన బేతేలు పేరే దానికి పెట్టబడెను. 1885వ సంవత్సరమున మొరేవియను సంఘమువారు అచ్చట మిషను స్థాపించిరి. మొదటి బోధకులలో జాన్ కిల్‌బక్ అనునతడు లెనాపే అను అమెరికా ఆదివాసి జాతివాడు. జతగాడు 1887లో అనారోగ్యముచేత వెడలిపోయినను, అతడును అతని భార్య ఈడిత్‌ను అచ్చటనే నిలిచి యూపిక్ జనుల భాష నేర్చి వారి మధ్య పనిచేసిరి.

ఆ సంఘములో ఉయాకుక్ అను యూపిక్ సేవకుడుండెను. బోధచేయు స్థానికులకు అచ్చట హెల్పరు, అనగా సహాయకుడు, అని పేరు. ఉయాకుక్ ఆంగ్లము చదువనేరడు. అయినను సుమారు 1900 ప్రాంతమున తన భాషకు తానే లిపి కల్పించెను. మొదట అవి బొమ్మలు. కొన్ని యేండ్లలోనే అక్షరములాయెను. వ్రాత తెలిసినవాడు తెలియనివారి నడుమ రాజువలె నుండగలడు. ఉయాకుక్ ఆ విద్యను వాక్యమును జ్ఞాపకముంచుకొని బోధించుటకు వినియోగించెను. మరికొందరును దానిని నేర్చుకొనిరి. అతడు 1924లో మరణించెను. అతని పేరునకు ముందు సహాయకుడను మాటయే చరిత్రలో నిలిచెను.

అయినను బాతెల్ కథ అంతయు నిర్మలము కాదు. ఆ జనుల ముసుగు నాట్యములను మిషనువారు ఖండించిరి. సేవింపబోయినవారే వారి సంతోషములకు న్యాయాధిపతులైరి. అంతకు పూర్వము 1732లో ఇదే సంఘమువారు సెయింట్ థామస్ ద్వీపమునకు, చెరకు తోటల బానిసలకు సువార్త చెప్పబోయిరి. అవసరమైనయెడల తామును బానిసలగుటకు సిద్ధపడి బయలుదేరిరి. కాని కొన్ని యేండ్లకే ఆ మిషను తానే తోటను కొని బానిసలను ఉంచుకొనెను. ఆ ద్వీపమున బానిసత్వము 1848లో గాని తొలగలేదు. తోటలలో చెమటోడ్చు కుటుంబములకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

అధికారము లేనియెడల క్రమము చెడునని కొందరందురు. క్రమము కావలసినదే; తాళము ఎవడో యొకడు వేయవలెను, లెక్క ఎవడో యొకడు వ్రాయవలెను. కాని క్రమము అందరి కొరకు ఉండును, ఏలుబడి ఒక్కని కొరకు ఉండును. లెక్క అడిగినప్పుడు సంతోషముగా చూపువాడు క్రమము కాపాడువాడు. అడిగినవానిని విరోధిగా చూచువాడు ఏలువాడు. మేస్త్రి యెదుట పగలంతయు తలవంచినవాడు సాయంకాలమున సంఘములోను, ఇంట భార్య యెదుటను తానే మేస్త్రి యగుట కద్దు. అణచబడినవానికి ఈ శోధన తక్కువ కాదు, ఎక్కువ.

తెలుగువారికి మంచి మాదిరియు గలదు. 1903లో జాన్ రంగయ్యగారు తెలుగు బాప్టిస్టుల పక్షమున నాటాలునకు వెళ్లి, కియర్స్‌నీ తేయాకు తోటలోని ఒప్పందపు కూలీల నడుమ సంఘము కట్టి, 1915లో మరణించువరకు ఆ దేశముననే పనిచేసిరి.

కావున ప్రతి లైనులోను పెద్దలు ఆలోచింతురు గాక. తాళపుచెవి చేతులు మారవలెను. చందాల లెక్క స్త్రీలు వినునట్లు బిగ్గరగా చదువబడవలెను. ఉత్తరములు చదువువాడు ఆ యింటి పిల్లలకు అక్షరములు నేర్పవలెను. ఒకనాడు ఆ తల్లి ఉత్తరమును ఆ బిడ్డయే చదువును, అతని యక్కర ఆ యింట తీరును. దానికి దుఃఖపడువాడు ఏలుటకు వచ్చినవాడు, సంతోషించువాడు సేవకుడు. ప్రభువు తాను ఎవడో యెరిగియే తువాలు కట్టుకొని, తన్ను అప్పగింపబోవు వాని పాదములు సహితము కడిగెను. మోకరించినందున ఆయన ప్రభుత్వము తగ్గలేదు.