గాలి చీపురు

పిల్లలూ! మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో బోరు వేయటం మీరు చూచే ఉంటారు. లారీమీద కంప్రెసరు చెవులు గింగురుమనేట్లు మోగుతుంది. గొట్టాల గుండా గాలి భూమిలోకి దిగుతుంది. కాసేపటికి తెల్లని రాతిపిండి మబ్బులా పైకి లేస్తుంది. అంత లోతునుంచి ఆ పిండిని ఊడ్చి పైకి తెచ్చింది ఎవరో తెలుసునా? గాలి!

గాలిని ఇరుకు చోట కుక్కితే, అది బయటపడాలని నలువైపులా ఒత్తుతుంది. సందు దొరికితే విసురుగా దూకి, దారిలోని దుమ్మును వెంట తీసుకుపోతుంది. ఈ ఉపాయంతోనే కంప్యూటరు లోపలి దుమ్మును కూడా వదిలిస్తారు.

దుమ్ము ఉంటే నష్టమేమిటి అంటారా? ఎండాకాలంలో మన చల్క నేలల ఎర్రదుమ్ము ఇంట్లోకి వస్తుంది. కంప్యూటరులోని ఫ్యాను గాలితోపాటు దానినీ లోపలికి లాగుతుంది. వేడిని వదిలే లోహపు రేకుల మధ్య అది పేరుకుంటే, యంత్రానికి గొంగడి కప్పినట్లే! అప్పుడది వేడెక్కి మందగిస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది కూడా.

అయితే పంక్చరు షాపు గొట్టంతో ఊదిద్దామా? వద్దు. కుదించిన గాలి ట్యాంకులో చల్లారినప్పుడు, అందులోని తేమ నీరవుతుంది. ఆ నీరు, కంప్రెసరు నూనె గాలితోపాటు చిమ్ముతాయి. ఆ విసురుకు చిన్న భాగాలు ఊడిపోవచ్చు. అమెరికాలో కార్మిక రక్షణ నిబంధన ప్రకారం, ఊది శుభ్రం చేసే గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 30 పౌనులకు లోపే ఉండాలి. అంటే ఇంచుమించు కారు టైరులోని ఒత్తిడి. ట్యాంకులో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

బజారులో దొరికే “గాలి డబ్బా”లలో చాలావాటిలో ఉండేది గాలి కాదు. ఒత్తిడితో ద్రవంగా మార్చిన వాయువు. డబ్బాను వంచితే ఆ ద్రవమే బయటికి వచ్చి చర్మాన్ని గడ్డకట్టిస్తుంది. చాలా రకాలు నిప్పు తగిలితే మండుతాయి. వాటిని పీల్చితే ప్రాణానికే ముప్పు. మీకు రబ్బరు బుడ్డి చాలు. నొక్కితే “ఫుస్” మని శుభ్రమైన గాలి వస్తుంది.

ఇక పద్ధతి వినండి. స్విచ్చి ఆపి, తీగ ఊడదీసి, యంత్రాన్ని చల్లారనివ్వాలి. ఆరుబయట, పెద్దలే మూత తీయాలి. ఫ్యాను రెక్కను పుల్లతో కదలకుండా పట్టుకోవాలి. ఎందుకు? గాలికి గిర్రున తిరిగితే దాని ఇరుసు చెడవచ్చు. అది సైకిలు డైనమోలా కరెంటు పుట్టించి పక్క భాగాలకు కీడు చేయవచ్చు. కాస్త దూరంనుంచి, ఆగి ఆగి ఊదాలి. కరెంటు అందించే పెట్టెను మాత్రం విప్పకూడదు. తీగ తీసినా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఆటకైనా సరే, కంప్రెసరు గాలిని ఎవరి కంటికీ, చెవికీ గురిపెట్టకండి. రాతిపిండిని ఎగజిమ్మే గాలికి కన్ను ఒక లెక్కా?

ఈ నెల మీకొక పని: సైకిలుకు గాలి కొట్టిన వెంటనే పంపు అడుగును తాకి చూడండి. వెచ్చగా ఉంటుంది. ఎందుకో ఆలోచించి, ఇంట్లో పెద్దలకు చెప్పండి!